దెబ్బతిన్న మెదడునకు చదువు చెప్పిన లూరియా

మహనీయుల చరిత్రలనగానే మన బాలబాలికలకు రాజులును, కవులును, దేశభక్తులును స్ఫురింతురు. మధురలో నుండువారికి తిరుమల నాయకుని గూర్చియు, కోయంబత్తూరులో నుండువారికి జి.డి. నాయుడుగారిని గూర్చియు మేము చెప్పనక్కఱలేదు. ఈ సంచికయందు మేము చెప్పబూనినది వేఱొక తీరు మనుష్యుని కథ. ఆయన రాజ్యమేలలేదు, కావ్యము వ్రాయలేదు. తుపాకి గుండు తలలో దూరి, అక్షరములు మఱచి, ఆలోచన తెగిపోయిన సైనికులకు మరల వ్రాయుటకును, లెక్క చేయుటకును, ఒక పని మొదలిడి ముగించుటకును దారి చూపెను. ఆయన పేరు అలెగ్జాండర్ రొమానొవిచ్ లూరియా. దేశము రష్యా.

ఎక్కడి రష్యా, ఎక్కడి మన పాఠశాల యని కొందఱు తల్లిదండ్రులు అనుకొనవచ్చును. కాని తలగాయము మనకు దూరపు మాట కాదు. పొల్లాచ్చి దారిలోనో, దిండిగల్లు దారిలోనో మోటారు సైకిలు జాఱిపడిన యువకుడు ఆసుపత్రినుండి ప్రాణముతో ఇల్లు చేరును. గాయము మానును. నడచును, మాటలాడును, బంధువులను పేరుపెట్టి పిలుచును. నెలరోజులు గడచునప్పటికి ఇంటివారికి వేఱొక సంగతి తెలియవచ్చును. అంగడికి మూడు వస్తువులకై పంపిన ఒకటి తెచ్చును. స్నానమునకు నీళ్ళు తోడి, ఆ సంగతి మఱచి వీధిలో నిలుచుండును. చిన్న మాటకు మండిపడును. పొరపాటు చూపినను అది తనదని యొప్పుకొనడు. సోమరితనమనియు, పొగరనియు ఇంటివారు కసరుదురు. నిజమునకది రెండును కాదు. పనిని సంకల్పించుట, దానికి వరుస యేర్పరచుకొనుట, నడుమ పుట్టిన కోరికను ఆపుకొనుట, పొరపాటును తానే పట్టుకొని దిద్దుకొనుట, ఈ శక్తులకు కార్యనిర్వహణ శక్తులని పేరు. నొసటి వెనుకనుండు మెదడు భాగము వీనికి ముఖ్యాధారము. అది దెబ్బతిన్నచో మనిషి బయటికి చక్కగానే కనబడును. లోపల పనిని నడిపించు మేస్త్రీ లేకుండపోవును.

ఈ శక్తులను మరల నేర్పుటకు నేడు కంప్యూటరు తెరపై ఆటలవంటి అభ్యాసములు వచ్చినవి. అవి యెంతవరకు పనికివచ్చునో తెలియవలెనన్న లూరియా కథతో మొదలిడుట మేలు. ఈ విద్యకు పునాదులు వేసినవారిలో ఆయన ముఖ్యుడు.

1902వ సంవత్సరము జూలై 16వ తేదీన, వోల్గా నదీప్రాంతమునందలి కజాన్ నగరమున, ఒక యూదుల కుటుంబమున లూరియా జన్మించెను. తండ్రి రొమాన్ ఆల్బెర్తొవిచ్ పేరెన్నికగన్న వైద్యుడు, తల్లి దంతవైద్యురాలు. ఆ కాలపు రష్యాలో యూదులు అల్పసంఖ్యాకులు. విశ్వవిద్యాలయములలో ఇంతమందికంటె ఎక్కువగా యూదులు చేరరాదని జార్ ప్రభుత్వము హద్దు పెట్టియుండెను. అల్పసంఖ్యాకుల బిడ్డయగుట ఎట్టిదో మా చదువరులకు వివరింపనక్కఱలేదు. 1917లో ఆ ప్రభుత్వము కూలెను, హద్దును పోయెను. మరుసటి యేడు, పదునాఱేండ్ల ప్రాయమున, లూరియా కజాన్ విశ్వవిద్యాలయమున చేరి 1921లో పట్టము పొందెను. కొడుకు వైద్యుడు కావలెనని తండ్రి కోరిక. మనస్సు నడచు తీరు తెలిసికొనవలెనని కొడుకు కోరిక. కొంతకాలమునకు రెండు కోరికలును తీరినవి గాని, మొదట కొడుకు మాటయే నెగ్గెను. 1923లో లూరియా మాస్కోలోని మనస్తత్వశాస్త్ర సంస్థలో ఉద్యోగమున చేరెను.

1924 జనవరిలో, నేడు సెయింట్ పీటర్స్‌బర్గు అనబడు నగరమున ఒక విద్వత్సభ జరిగెను. ఆ సభలో గోమెల్ అను చిన్న పట్టణమునుండి వచ్చిన ఒక యువకుడు ప్రసంగించెను. అతడు ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో బోధకుడు. పేరు లెవ్ విగోట్‌స్కీ. పెద్ద పెద్ద ఆచార్యులు కూర్చున్న ఆ సభను పల్లెపట్టు పంతులు కట్టిపడవేసెనని వినునప్పుడు, అదే వృత్తిలోని మాకు కొంత గర్వము కలుగుట సహజము. లూరియా ఆయనను మాస్కోకు రప్పించుటకు పూనుకొనెను. నాటినుండి విగోట్‌స్కీ, లూరియా, లియోంతియెవ్ అను మువ్వురు కలసి పనిచేసిరి.

విగోట్‌స్కీ చెప్పిన మూలభావము మన యిండ్లలో దొరకునదే. అమ్మమ్మ ఒక సంగతి మఱవకుండుటకు కొంగున ముడి వేసికొనును. పిల్లవాడు వ్రేళ్ళు మడచి లెక్కించును. ఎక్కములు మొదట బిగ్గరగా వల్లించును, పిదప పెదవులు కదపకయే చెప్పుకొనును. ముడి, వ్రేలు, మాట, ఇవి మొదట బయటి సాధనములు. క్రమముగా అవి లోపలికి పోయి మనస్సులో భాగమగును. మనుష్యుని పెద్ద బుద్ధులన్నియు ఇట్లే బయటినుండి లోపలికి వచ్చినవని వారి మతము. అట్లైన, లోపలి శక్తి చెడినప్పుడు బయటి సాధనముతో దానిని మరల కట్టవచ్చునా? వారికి కలిగిన గొప్ప ప్రశ్న యిది.

దీనికి జవాబు మొదట పార్కిన్సన్ వ్యాధి గలవారియందు కనబడెను. ఆ వ్యాధియందు కాళ్ళకు బలమున్నను అడుగు పడదు. ఒక రోగి చదునైన నేలపై రెండడుగులును నడువలేకుండెను. అతడే మెట్లు మాత్రము ఎక్కగలుగుచుండెను. నేలపై వరుసగా కాగితపు ముక్కలు పఱచిరి. ఒక్కొక్క ముక్కను దాటుచు అతడు గది కొననుండి కొనకు నడచెను. మెట్టు గాని, కాగితము గాని ఒక్కొక్క అడుగును విడివిడిగా పిలుచును. తానై నడువలేని కాలు పిలుపునకు పలికెను. చెడిన దారిని విడిచి వేఱొక దారిన పోవుట యనగా నిదియే. ఈ కాగితపు ముక్కలను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. మున్ముందు ఇవి వేఱు రూపమున వచ్చును.

1931, 1932 సంవత్సరములలో లూరియా ఉజ్బెకిస్తాను పల్లెలకు పోయి, చదువు రానివారును క్రొత్తగా నేర్చినవారును ఆలోచించు తీరులను పోల్చి చూచెను. ప్రభుత్వమునకు ఆ పని నచ్చలేదు. ఆ పరిశోధన గ్రంథరూపమున వెలువడుటకు 1974 వఱకు వేచియుండవలసి వచ్చెను. 1934లో విగోట్‌స్కీ క్షయవ్యాధితో, ముప్పదియేడేండ్లకే కన్నుమూసెను. లూరియా మనస్తత్వశాస్త్రమునందు పేరు పొందియు, మరల విద్యార్థియై వైద్యకళాశాలకు పోయి 1937లో వైద్యపట్టము పుచ్చుకొనెను. మాస్కోలో బుర్దెంకోగారి నాడీశస్త్రవైద్య సంస్థలో చేరి, మెదడున ఏ భాగము చెడిన ఏ పని ఎట్లు చెడునో పడకల ప్రక్కన కూర్చుండి నేర్చుకొనెను. ముప్పదియైదేండ్లవాడు ఇట్లు బడికి పోవుట మన పెద్దలు గమనింపదగిన విషయము.

1941 జూన్ 22వ తేదీన జర్మనీ సేనలు సోవియట్ దేశముపై పడెను. తలకు గాయములైన సైనికులు వేలకొలదిగా రాజొచ్చిరి. లూరియా యుద్ధభూమికి దూరముగా, ఉరల్ పర్వతప్రాంతమున చెల్యాబిన్స్క్ సమీపమునందలి కిసెగాచ్ అనుచోట, 400 పడకల ఆరోగ్యశాలను తలగాయముల ఆసుపత్రిగా మార్చి నడిపెను. ప్రాణము నిలుపు శస్త్రవైద్యము అంతకుముందే ముగిసియుండును. ఇచట జరుగవలసినది ఆ తరువాతి పని. మాట పోయినవానికి మాట, లెక్క పోయినవానికి లెక్క, చేతిపని పోయినవానికి చేతిపని తిరిగి నేర్పవలెను. అచట చికిత్సాలయములతోపాటు పనిశాలలును ఉండెను.

అప్పటి వైద్యులలో రెండు తలంపులు వ్యాపించియుండెను. మెదడున ఒక్కొక్క శక్తికి ఒక్కొక్క గది కలదనియు, గది చెడిన శక్తి పోయినట్లే యనియు కొందఱనిరి. మెదడంతయు ఒకటే ముద్ద యని మఱికొందఱనిరి. లూరియా యీ రెంటిని కాదనెను. నేతవారి బిడ్డలు మన పాఠశాలలలో గలరు గనుక వారి మాటలలో చెప్పుదము. వస్త్రము ఒక్క నాడెవలననే పుట్టదు. పడుగు, పేక, నాడె, కాలి తొక్కుడు, నేతగాని కన్ను, అన్నియు కలసి నడచినప్పుడే పుట్టును. ఏది చెడినను నేత ఆగును. కాని ఏది చెడినదో బట్టి తప్పు వేఱుగా నుండును. తెలిసిన నేతగాడు బట్టను చూచియే చెడిన భాగమును చెప్పును. చదువుట, వ్రాయుట, మాటలాడుట మొదలగు పనులును ఇట్టివే. అందుచేత లూరియా రోగి చేసిన తప్పును తప్పుగా గుర్తించి విడువక, ఆ తప్పు ఏ తీరుదో గంటలకొలది పరీక్షించెడివాడు. చెడిన భాగమును తెలిసికొనిన పిదప, చెడని భాగములతో అదే పనిని క్రొత్తగా కూర్చెడివాడు. పోయిన శక్తినే మాటిమాటికి సాధన చేయించుటవలన ఫలము స్వల్పమని ఆయన యనుభవము.

అచటికి వచ్చినవారిలో జాసెత్‌స్కీ యను యువకుడొకడు. యుద్ధమునకు పూర్వము యంత్రవిద్య చదువుచుండెను. 1943 మార్చి 2వ తేదీన గుండు తలలో దూరి మెదడు ఎడమ ప్రక్క వెనుకభాగమును ఛేదించెను. కన్నులకు కుడివైపు లోకము మాయమయ్యెను. కనబడునదియు ముక్కలు ముక్కలుగా కనబడెను. అక్షరములు పరదేశ లిపివలె తోచెను. తన చేయి, కాలు ఎచటనున్నవో వెదకుకొనవలసి వచ్చెడిది. ఒక్కొక్క అక్షరము రూపమును జ్ఞాపకము చేసికొని వ్రాయుటకు ఎంత యత్నించినను సాధ్యపడలేదు. ఒకనాడు వైద్యుడు అక్షరముల నాలోచింపవలదనియు, చేయి ఎత్తక మాటను ఒక్క ఊపున వ్రాయుమనియు చెప్పెను. చేయి తన పాత వాడుకను తానే గుర్తుంచుకొనియుండెను! మాట కాగితముపై పడెను. కన్ను మఱచినదానిని చేయి మఱవలేదు. తాను వ్రాసినదానిని తాను చదువుట మాత్రము అతనికి మిక్కిలి కష్టము. ఐనను దినమునకు కొన్ని పంక్తుల చొప్పున, ఒక్కొక్క మాటకై వెదకుకొనుచు, ఇరువదియైదేండ్లకు పైగా వ్రాసి సుమారు 3,000 పుటలు నింపెను. ఆ వ్రాతను లూరియా తన వివరణలతో కలిపి 1971లో పుస్తకముగా ప్రకటించెను.

జాసెత్‌స్కీ ఇట్లు పోరాడుటకు కారణమేమి? నొసటి వెనుకనుండు భాగము చెడకుండుటయే యని లూరియా గుర్తించెను. లోకము చెదరినను సంకల్పము చెదరలేదు. తనకేమి పోయినదో అతనికి తెలియును. ఆ భాగమే చెడినవారి స్థితి దీనికి తలక్రిందు. వారికి చూపుండును, మాటయుండును, బలముండును. పనిశాలలో అట్టి రోగి యొకనికి చిత్రిక పట్టుమని కొయ్యముక్క నిచ్చిరి. అతడు కొయ్య తరిగిపోవువఱకు చిత్రిక పట్టి, ఆగక క్రింది బల్లను కూడ చిత్రిక పట్టుచునే యుండెను. మఱికొందఱి చేతికి రబ్బరు బుడ్డి నిచ్చి, దీపము వెలిగినప్పుడు నొక్కుమనిరి. దీపము వెలుగగనే నొక్కవలెనని వారు నోట చెప్పుదురు. చేయి మాత్రము కదలదు. ఆజ్ఞ వినబడినది, తెలిసినది, చెప్పబడినది, పనిగా మాఱలేదు. ఇట్టివానిని ఎంత తిట్టినను ఏమి ప్రయోజనము? ఇంటివారు ఈ యొక్క సంగతి తెలిసికొనిన సగము కలహములు తప్పునని మా నమ్మకము.

ఇట్టివారికి చికిత్స కష్టమని లూరియా దాచలేదు. ఐనను మార్గములు వెదకెను. కథ చెప్పుమన్న ఒక వాక్యము చెప్పి ఆగిపోవు రోగియొకడుండెను. అతనికి అయితే, ఐనను, ఆ తరువాత, అందుచేత వంటి జోడింపు మాటల పట్టికనిచ్చిరి. ఒక వాక్యము ముగియగనే పట్టికలోని మాట తరువాతి వాక్యమును పిలిచెను, కథ నడచెను. మఱియొకనికి తలంపులు వచ్చునుగాని వరుస కుదురదు. తోచినది తోచినట్లు విడివిడి చీట్లపై వ్రాయించి, పిదప చీట్లను బల్లపై వరుసగా పేర్పించిరి. వ్యాసరచనలో చిక్కుపడు మా పదవ తరగతివారు ఈ యుపాయమును తామును వాడి చూడవచ్చును. నేలపై కాగితపు ముక్కలు కాలిని పిలిచినట్లే, బల్లపై చీట్లు ఆలోచనను పిలిచినవి.

లెక్కలకు సంబంధించిన పనిలో లూరియాతో త్స్వెత్కొవా యను విదుషీమణి కలసి శ్రమించెను. రెండు అఱలలో 18 పుస్తకములు గలవు, ఒకదానిలో నున్నవి రెండవదానికి రెట్టింపు, ఏ అఱలో నెన్ని? నొసటి భాగము చెడినవాడు రెండు అఱలను మాట వినగనే 18ని రెంటితో భాగించును. రెట్టింపను మాట వినగనే రెంటితో గుణించును. కూడికయు గుణకారమును అతనికి రాకపోలేదు. ఆగి, ఏమి అడిగిరో చూచి, పథకము వేసికొనుట రాదు. కాబట్టి అడుగవలసిన ప్రశ్నలను వరుసగా కార్డుపై వ్రాసి యిచ్చిరి: ఇచ్చినదేమి, అడిగినదేమి, మొదట చేయవలసినదేమి, వచ్చిన జవాబు ప్రశ్నకు సరిపోయినదా. మొదట కార్డును చూచి బిగ్గరగా చదువుచు, తరువాత కార్డు లేక మెల్లగా అనుకొనుచు, కడకు లోలోపలనే. అమ్మమ్మ కొంగుముడి లోపలికి పోయిన బాటయే యిది. అందఱును పూర్తిగా బాగుపడిరని మేము చెప్పము. గాయము పెద్దదైనచోట కార్డు తీసివేయగనే పని చెడుటయు కలదు.

యుద్ధానంతరము, 1948లో, ఈ యనుభవములన్నిటిని లూరియా గ్రంథముగా వెలువరించెను; 1963లో అది ఆంగ్లమున వచ్చెను. ఇంతలో స్టాలిన్ పాలన చివరి సంవత్సరములలో యూదులగు విద్వాంసులపై ఒత్తిడి పెరిగెను. 1950వ దశకపు ఆరంభమున ఆయన నాడీశస్త్రవైద్య సంస్థలోని పనినుండి తొలగింపబడెను. తాను కట్టిన ప్రయోగశాలను విడిచి, మందబుద్ధులైన పిల్లలను పరిశీలించు సంస్థలో చేరెను. మఱొకరైన కుంగిపోయియుందురు. ఆయన ఆ పిల్లల ఎదుటను దీపమును, రబ్బరు బుడ్డిని పెట్టుకొని, బాలుడు తన మాటతో తన చేతిని ఏలనేర్చుట ఎప్పుడు, ఎట్లు జరుగునో పరిశోధించెను. ఆ దశకము చివరకు ఆయన మరల పాత సంస్థకు వచ్చెను. 1962లో మెదడునుగూర్చిన ఆయన మహాగ్రంథము వెలువడగా పేరు దేశదేశములకు ప్రాకెను. 1977 ఆగస్టు 14వ తేదీన, డెబ్బదియైదేండ్ల వయస్సున, మాస్కోలో మరణించెను.

ఇండ్లలో పెట్టుకొనదగిన కంప్యూటర్లు అమెరికాలో బాగుగా అమ్మకమునకు వచ్చినదియు ఆ 1977లోనే. కొలది కాలమునకు వైద్యులు తలగాయమువారికి వానిని వాడసాగిరి. తెరపై ఒక గుర్తు కనబడగనే మీట నొక్కవలెను, వేఱొక గుర్తు కనబడిన ఆపుకొనవలెను. చూపిన అంకెలను తలక్రిందుగా చెప్పవలెను. పనులకు క్రమము కూర్చవలెను. వీనికి గుణములు లేకపోలేదు. రోగి శక్తినిబట్టి కష్టము తానే పెరుగును, తగ్గును. యంత్రము విసుగుకొనదు. ఎన్ని తప్పులు, ఎంత కాలము పట్టినది లెక్క నిలుచును. పెద్దాసుపత్రికి దూరముగా నుండువారు ఇంటినుండియే చేయవచ్చును.

లోటును చెప్పవలెను. ఆటలో లెక్క పెరుగును. అంగడినుండి తేవలసిన మూడు వస్తువులు మాత్రము మూడు కావు. అభ్యసించిన ఆటలోను, దానికి దగ్గఱివానిలోను మెఱుగు కనబడుట సాధారణము. ఇంటిపనికి, ఉద్యోగమునకు అది ప్రాకుట అరుదు. తలగాయముల చికిత్సపై ఇన్‌కాగ్ అను అంతర్జాతీయ నిపుణుల బృందము 2023లో ప్రకటించిన సూచనలలో, నిత్యజీవితముతో సంబంధము లేని కంప్యూటరు అభ్యాసములను మాటిమాటికి చేయించుటపై ఆధారపడవలదని అవధాన చికిత్సను గూర్చి చెప్పబడెను. కార్యనిర్వహణ శక్తులకు, రోగి తన పనిని తానే గమనించుకొనుటను నేర్పు శిక్షణలను వారు మేలనిరి. రాబర్ట్‌సన్, లెవిన్ మొదలగువారు రూపొందించిన గమ్యనిర్వహణ శిక్షణ అట్టిది. అందు రోగి నడుమనడుమ ఆగుటను, తానిపుడు ఏమి చేయవలసియున్నదో తన్ను తానడుగుకొనుటను, పనిని చిన్న మెట్లుగా విడదీసి చేసి, సరిచూచుకొనుటను నేర్చును. లూరియా కార్డును చూచినవారికి ఇది క్రొత్తగా తోపదు. కంప్యూటరును ఆ కార్డు స్థానమున నిలిపి, వైద్యుడో మనస్తత్వనిపుణుడో ప్రక్కనుండి, తెరమీది పాఠమును వంటింటికిని అంగడికిని అల్లినచో దాని విలువ వేఱు. చేతిఫోను వేళకు మ్రోగి మాత్రను జ్ఞాపకము చేయుట యట్టిదే. అది మన కాలపు కొంగుముడి.

కనుక వేలు పోసి యంత్రమును కొనుటకు ముందు తల్లిదండ్రులు చికిత్సకుని అడుగవలసిన దొకటియే: ఈ ఆట మావాని ఏ పనిని, ఏ దారిన బాగుచేయును? జవాబు స్పష్టముగా రానిచో తొందర వలదు. మనకు చేరువనున్న బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థలో తలగాయమువారికి ఈ విధమైన శిక్షణ చాలకాలముగా ఇచ్చుచున్నారు. అందు కాగితము, పెన్సిలుతో చేయు అభ్యాసములు అనేకము. ఒక వరుసలోని అక్షరములలో చెప్పిన అక్షరమును మాత్రమే కొట్టివేయుట ఒకటి. పలురకముల గింజలను కలిపి ఒక పళ్ళెములో పోసి, రోగిచేత వేర్వేఱుగా ఏరించుట మఱియొకటి; ఎంత సేపు పట్టెను, ఎన్ని తప్పులు పోయెను అని చికిత్సకుడు ప్రక్కన కూర్చుండి వ్రాసికొనును.